గోడలో ఉన్ని

మాంతోన్
అక్టోబరు 6, 2024

ప్రియమైన వదినకు,

మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ జనం ఇంకా సముద్రంలో ఈత కొడుతున్నారు. పొద్దున్నే బాల్కనీలో కాఫీ తాగుతూ నిన్నే తలుచుకున్నాను. రుబేలో అప్పుడే ముసురు పట్టి ఉంటుంది, వదిన రెండు స్వెట్టర్లు వేసుకుని కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కుతూ ఉంటుంది అనుకున్నాను. అన్నయ్య పోయి రెండేళ్లయింది. ఒక్కదానివే ఆ ఇంట్లో నెట్టుకొస్తున్నావు. నేనైతే ఎప్పుడో పారిపోయేదాన్ని. “నోయెల్లా ఒంట్లో నెత్తురు బదులు మొండితనం పారుతుంది” అనేవాడు అన్నయ్య. అది పొగడ్తో తిట్టో నాకెప్పుడూ తెలియలేదు.

ఇక పని సంగతి. ఈ నెలలో కొరాలీ అని ఒకావిడ ఇంటికి వస్తుంది. ఇల్లు వేడిని ఎంత పట్టి ఉంచుతోంది, ఎంత బయటికి వదిలేస్తోంది అని కొలిచి ఏ నుంచి జీ దాకా ఒక అక్షరం ఇస్తుంది. బళ్లో మార్కుల్లాంటిదే. మీరు నా దగ్గర అద్దెకు దిగిన కాలంలో ఈ గొడవలేవీ లేవు. ఇప్పుడు ఆ అక్షరం లేకుండా ఇల్లు అద్దెకివ్వడానికి లేదు, అమ్మడానికి లేదు. పైగా జీ వచ్చిన ఇంటికి కొత్త సంవత్సరం నుంచి అద్దెలు బంద్. పాతికేళ్లు ఇళ్ల బ్రోకరు ఆఫీసులో పనిచేసినదాన్ని, నాకు తెలుసుగా.

నువ్వేం కంగారు పడకు. నీ తుంటి ఆపరేషనప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉండగా అన్నయ్య గోడలన్నిటికీ లోపలివైపు జిప్సం పలకలు కొట్టించాడు కదా. వాటి వెనక చలి ఆపే ఉన్ని నింపించడానికి డబ్బంతా నేనే సర్దాను. ఆ మాట కొరాలీకి గట్టిగా చెప్పు. సిగ్గుపడకు. గోడలో ఉన్ని ఉంటే మన ఇల్లు గట్టెక్కినట్టే.

ఆవిడ వచ్చే రోజున కిటికీలు కాసేపు తెరిచి పెట్టు. పెరట్లోంచి అన్నయ్య పావురాల వాసన వస్తుంది. నీకు అలవాటైపోయి తెలియదు, వచ్చినవాళ్లకు తెలుస్తుంది.

ప్రేమతో,
నీ ఆడపడుచు
ఒడీల్

*

రుబే
అక్టోబరు 27

ప్రియమైన మరదలికి,

కిటికీలు తెరిచే పెట్టాను. ఆవిడ రాగానే, “మీ ఇంట్లో ఎప్పుడూ ఇంత చలేనా, లేక నాకోసం ప్రత్యేకమా?” అంది. నీ సలహా వల్ల ముందే ఒక మార్కు పోయిందనుకో.

ముప్పై అయిదేళ్లుంటాయి. మగవాళ్ల బూట్లు. చికోరీ కాఫీ పెట్టాను, పనయ్యాక తాగుతానంది. గోడ మీద ఎర్రచుక్క పడే పరికరం ఒకటుంది, దాంతో గదులన్నీ కొలిచింది. కిటికీ అద్దాలు వేలితో తట్టి చూసింది. అటక ఎక్కి నెత్తిన బూజుతో దిగింది. నీళ్ల బాయిలరు పుట్టిన తేదీ రాసుకుంది. “ఇళ్లేనా, ఇంకేమైనా కొలుస్తావా అమ్మాయ్?” అని అడిగాను. “దుకాణాలూ ఆఫీసులూ కూడా. నిన్న ఒక సూపర్ మార్కెట్టుకు వెళ్లాను. అక్కడ వెన్న, జున్ను ఉన్న ఫ్రిజ్ బీరువాల తలుపులు మీ వీధి తలుపు కన్నా నయం” అంది. నాకు నచ్చింది పిల్ల.

తర్వాత గోడ దగ్గర నిలబడి, “దీని వెనక ఏముంది?” అంది.

“ఉన్ని. నా మరదలు డబ్బిచ్చింది. నా మొగుడు దగ్గరుండి పెట్టించాడు.”

“బిల్లు ఉందా?”

“నా నోటిమాట చాలదూ?”

“నోటిమాటకి వేడి ఆగదు మేడమ్. బిల్లన్నా చూపించండి, ఉన్ని అన్నా చూపించండి.”

ప్లగ్గు బోర్డు మరలు విప్పి, లోపలికి లైటు వేసి, నన్ను కూడా చూడమంది. ఒడీల్, పలక వెనక నాలుగు వేళ్ల ఖాళీ. ఖాళీ వెనక ఇటుక. ఉన్ని పోగు కూడా లేదు. ఆ బెజ్జంలోంచి గాలి నేరుగా నా కంట్లోకి కొట్టింది. వంటింట్లో విప్పింది, అంతే. పడగ్గదిలో నా రెమీ పడుకునే వైపు విప్పింది, అదీ అంతే. ఆ గోడకి ఆనుకునే కదా ఆయన అన్నేళ్లు దగ్గింది. అద్దకం మిల్లు సగం తినేసిన ఊపిరితిత్తులు, మిగతా సగం ఆ గోడ తినేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రెమీ నా చెయ్యి తీసుకుని గోడ మీద పెట్టించాడు. “ఇక చలి ఉండదు నోయెల్లా” అన్నాడు. నాకు చల్లగానే తగిలింది. అంత ముచ్చటగా అడుగుతుంటే కాదనలేక, “అవును, వెచ్చగా ఉంది” అన్నాను. ఆయన ఒక అబద్ధం, నేనొక అబద్ధం, ఆరేళ్లు కాపురం చేశాం.

కొరాలీ కాఫీ చల్లారిపోయాక తాగింది. జీ వచ్చింది. తిట్టుకోవడానికి కూడా దాని కింద ఇంకో అక్షరం లేదు.

నాకు ఒక్క సంగతి చెప్పు. నువ్వు ఆ డబ్బు నిజంగా ఇచ్చావా? ఇస్తే అదేమైంది?

నీ వదిన
నోయెల్లా

*

మాంతోన్
నవంబరు 14

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు ఊరుకున్నాను. పోయినవాడి మీద ఒక మాట అనడం ఎందుకని నోరు కట్టుకున్నాను. కాని నువ్వు నన్నే అనుమానించి అడిగావు. అడిగాక చెప్పక తప్పదు.

డబ్బు ఇచ్చాను. ఉన్ని వచ్చింది. మేస్త్రీలూ వచ్చారు. రుబేకి కాదు వదినా, పక్క ఊరు క్రువాలో ఒక ఇంటికి. అక్కడ ఒకావిడ ఉంటుంది. నీకన్నా చాలా చిన్నది. నేను నిలదీస్తే అన్నయ్య ఏడ్చాడు. “నోయెల్లాకి చెప్పకు, చచ్చిపోతుంది” అన్నాడు. నీకు అనుమానం రాకుండా ఉత్త పలకలు కొట్టించాడు. నేను పైసా అడగలేదు. తోడబుట్టినవాడు. నువ్వేమో అప్పుడే కర్ర పట్టుకుని నడక నేర్చుకుంటున్నావు. నీ మీద జాలితో మింగేశాను.

నువ్వు ఇన్నేళ్లు అనుకోలేదా? ఆదివారం ఆదివారం పావురాల పందెమని వెళ్లేవాడు. అన్ని ఆదివారాలూ పందేలుంటాయా వదినా?

బాధపెట్టాలని రాయలేదు. తెలిస్తే నీకే తేలిక. ఇక ఆ ఇంట్లో దేన్ని పట్టుకుని వేలాడతావు? ఏ గోడ చూసినా అదే గుర్తొస్తుంది. చట్టం కూడా ఒప్పుకోదు, జీ ఇంట్లో కొత్త సంవత్సరం తర్వాత నిన్ను ఉంచితే తప్పు నా మెడకు చుట్టుకుంటుంది. నిన్ను వెళ్లమని నోటీసు పంపడానికి నాకు చేతులు రావు. నీ అంతట నువ్వే ఖాళీ చేస్తున్నట్టు రెండు ముక్కలు రాసి రిజిస్టరు పోస్టులో పంపు. ఇద్దరికీ మర్యాద. అరాస్‌లో మీ పెదనాన్న కూతురి ఇంటికి దగ్గర్లో పెద్దవాళ్ల వసతి ఒకటి చూశాను. చిన్న గదే, కాని రేడియేటరు వేడిగా ఉంటుంది.

ఏడవాలనిపిస్తే ఏడువు. నేనున్నాను.

నీ ఆడపడుచు
ఒడీల్

*

రుబే
డిసెంబరు 9

ఒడీల్‌కి,

నువ్వు అడిగిన కాగితం వేరే కవరులో రిజిస్టరు చేశాను. మార్చి నెలాఖరుకి వెళ్లిపోతాను.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పావురాలకి మేత పెడుతున్నాను. ఆయన పోయినప్పటి నుంచి రోజూ నేనే పెడుతున్నాను. మంచు పడ్డ రోజున కూడా, కర్ర ఒక చేత, డబ్బా ఒక చేత. ఆయన గొంతు కన్నా నా గొంతే బాగా గుర్తుపడుతున్నాయని మురిసిపోయేదాన్ని. నీ ఉత్తరం పెరట్లోనే నిలబడి చదివాను. చదివి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, ఒక్కొక్కదాన్నీ పట్టి మెడలు విరిచాను.

మిల్లులో తెగిన దారాలు ముడివేసిన చేతులివి, ఎక్కువసేపు పట్టలేదు. గూటి తలుపు తెరిచే ఉంది. ఎగిరిపోవచ్చు. ఒక్కటీ ఎగరలేదు. మేత పెట్టే చెయ్యి కదా, వాటంతట అవే నా ఒళ్లోకి వచ్చాయి.

నీలం రంగుది ఒకటుండేది, బెర్త్ అని. దేశం ఆ చివరి నుంచి రుబే దాకా ఎగిరొచ్చి కప్పు గెలిచింది. ఆయన దాన్ని చంక కింద పెట్టుకుని వీధంతా తిప్పాడు. దాన్ని ఉల్లిపాయలూ బఠాణీలూ వేసి వండాను. ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుని మొత్తం తిన్నాను. మాంసం గట్టిగా ఉంది. అంత దూరం ఎగిరిన రెక్క కదా. నమిలి నమిలి మింగాను.

పావురాల క్లబ్బులో ఆయన స్నేహితుడు అషీల్ ఉన్నాడే, మర్నాడు ఏదో పనిమీద వచ్చి పెరడు చూశాడు. “పిచ్చెక్కిందా నోయెల్లా?” అన్నాడు. “నా మొగుడి పావురాలు, నా ఇష్టం. నీకేం?” అన్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి వెళ్లిపోయాడు, శవం ఉన్న ఇంటికి వచ్చినట్టు.

ఫోటోలు పొయ్యిలో వేశాను. నాకు ఏడుపు రావడం లేదు. వస్తే చెబుతాను.

నోయెల్లా

*

మాంతోన్
జనవరి 5, 2025

ప్రియమైన వదినకు,

నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ ఏడైనా నీకు మనశ్శాంతి దొరకాలి. కాగితం అందింది. చక్కగా రాశావు, ఒక్క తప్పు లేదు.

పావురాల సంగతి చదివి నా ఒళ్లు జలదరించింది. అయినా మంచిదే. అరాస్‌లో వాటిని రానివ్వరు, ఎలాగూ ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చేది.

పంచదార పాకం పట్టిన నిమ్మతొనలు పంపుతున్నాను, ఇక్కడివి చాలా బాగుంటాయి. వెళ్లేటప్పుడు పరదాలు నువ్వే తీసుకో, వంటింటి పొయ్యి మాత్రం ఉంచెయ్. మేకులు పీకకు, పలకలు పగులుతాయి. ఏప్రిల్‌లో మనుషుల్ని పెట్టి గోడలు బాగు చేయిస్తాను, ఆ తర్వాత ఎవరైనా చిన్న వయసు జంట దొరక్కపోరు.

ఒక్క మాట వింటావా? క్రువా వైపు వెళ్లకు. ఆ మనిషిని వెతకకు. నువ్వు పరువు గల మనిషివి. అలాంటివాళ్ల గుమ్మం తొక్కితే మనమే చిన్నబోతాం. జరిగిందేదో మట్టిలో కలిసిపోయింది, దాన్ని తవ్వకు.

ముద్దులతో,
ఒడీల్

*

రుబే
ఫిబ్రవరి 20

ఒడీల్‌కి,

వెళ్లాను.

నువ్వు వెళ్లకు అనకపోతే వెళ్లేదాన్ని కాదేమో. నిమ్మతొనలు నోట్లో వేసుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చింది. అషీల్ ఇంటికి వెళ్లి, “క్రువాలో రెమీ ఉంచుకున్నదాని ఇల్లు ఎక్కడ?” అని అడిగాను. వాకిట్లోనే అడిగాను, వాళ్లావిడ వింటుండగా.

“రెమీయా? ఉంచుకోవడమా?” అన్నాడు. “ఆదివారం మేమిద్దరం గూళ్ల వెనక కూర్చుని ఆకాశం చూస్తూ బీరు తాగేవాళ్లం. పందెం ఉన్నా లేకపోయినా. ఎవరు చెప్పారు నీకు?”

“వాళ్ల చెల్లెలు.”

అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “క్రువాకి ఒక్కసారి వెళ్లాం. నా వ్యానులోనే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావప్పుడు. రైలు కట్ట పక్క వీధి, పచ్చ తలుపు. నేను బయటే ఉన్నాను. సిగరెట్టు సగం కాలేలోపే వచ్చేశాడు. జిప్సం పలకలు కొనాలి, దుకాణం దగ్గర ఆపు అన్నాడు. ఉన్ని ఏదిరా అంటే, ముందు పలకలు కొడదాం పద అన్నాడు.”

మర్నాడు ట్రాము ఎక్కాను. దారంతా తిట్లు కూడబెట్టుకున్నాను. మిల్లులో నలభై ఏళ్లు విన్నవన్నీ గుర్తు చేసుకున్నాను. పచ్చ తలుపు మీద కర్రతో కొట్టాను.

నలభై దాటిన మనిషి తీసింది. చేతులకి పిండి. పొట్టి చేతుల జాకెట్టు. కాళ్లకి చెప్పుల్లేవు ఒడీల్, ఫిబ్రవరిలో! తలుపు తియ్యగానే వెచ్చటి గాలి నా ముఖానికి కొట్టింది. కూడబెట్టుకున్న తిట్లలో సగం అక్కడే పోయాయి.

“రెమీ తెలుసా నీకు?” అన్నాను.

“ఏ రెమీ?”

“నంగనాచి వేషాలు వెయ్యకు. నీ గోడల్లో ఉన్ని పెట్టించిన రెమీ.”

“గోడల సంగతి ఇంటిగలావిడ చూసుకుందమ్మా. నేను అద్దెకున్నదాన్ని. మీ పెదాలు నీలంగా ఉన్నాయి, ముందు లోపలికి రండి.”

“ఎవరా ఇంటిగలావిడ?”

“ఒడీల్ మేడమ్ అని. మాంతోన్‌లో ఉంటుంది. ఎందుకు?”

నాకు కుర్చీ వేసింది. ఆవిడ పేరు జోహ్రా. ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు. అడక్కుండానే శొర్బా అనే వేడి సూపు పోసింది. వాళ్లు దిగిన ఏడాదే పనివాళ్లు వచ్చారట. సంతకం పెట్టమని వాళ్లిచ్చిన కాగితం మీద ఎవరో రెమీ అని మగవాడి పేరు, రుబే చిరునామా ఉన్నాయట. “ఇది నాది కాదు” అంటే, నువ్వు ఫోనులో, “పెట్టెయ్యవే, మా అన్నే, నీకెందుకు?” అన్నావట.

“తర్వాత ఒక పెద్దాయన వచ్చాడమ్మా. తెగ దగ్గాడు. గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. వెచ్చగా ఉందా అని అడిగాడు. చాలా బాగుందయ్యా అన్నాను. పిల్లలు ఎంతమంది అన్నాడు. ఇద్దరు, చిన్నాడికి ఆయాసం అన్నాను. సరేలే అయితే అని వెళ్లిపోయాడు. ఎవరాయన?”

“నా మొగుడు” అన్నాను.

ఆ మాటతో ఏడుపొచ్చింది. వస్తే చెబుతానన్నాను కదా, చెబుతున్నాను. ఏడ్చి ఏడ్చి, ఆ వెచ్చదనానికి కూర్చున్న చోటే నిద్రపోయాను. లేచేసరికి నా మీద శాలువా కప్పి ఉంది. రెమీ ఒంటికి రావలసిన వెచ్చదనంలో నేను గురకపెట్టి నిద్రపోయాను.

నగరపాలిక ఆఫీసులో అద్దెదారులకు సలహా చెప్పే కౌంటరు ఉంది. అక్కడికీ వెళ్లాను. రాబడి లేనివాళ్ల ఇంట్లో ఊపిరితిత్తుల రోగి ఉంటే గోడలకి ఉన్ని పెట్టించడానికి సర్కారు సాయం ఉందట. రెమీ రోగం చూపించి, రెమీ పేదరికం చూపించి, రెమీ పేరు మీద తీసుకుని నీ ఇంకో ఇంటికి పెట్టించుకున్నావు. జీ వస్తే ఉన్న మనిషిని వెళ్లగొట్టమని చట్టంలో లేదట. బాగు చేయించాల్సింది నువ్వట. అరవై అయిదు దాటిన, రాబడి లేని ముసలిదాన్ని వేరే ఇల్లు చూపించకుండా నీలాంటివాళ్లు పంపడానికే వీల్లేదట. అందుకే నా చేత్తో నన్నే రాయమన్నావు. అందుకే నా మొగుడికి ఒక ఆడదాన్ని పుట్టించావు.

కొరాలీకి ఉన్ని ఉందని గట్టిగా చెప్పమన్నది కూడా నువ్వే. లేదని నీకు తెలుసు. నేను వంగి ఆ బెజ్జంలోకి చూడాలనే చెప్పించావు.

నోయెల్లా

*

మాంతోన్
ఫిబ్రవరి 25

ప్రియమైన వదినకు,

కోపం వద్దు, నిదానంగా చదువు.

అన్నయ్య సంతకం నేను చెయ్యి పట్టి పెట్టించలేదు. కాగితాలిస్తే పెట్టాడు. ముందు అతనికి పూర్తిగా తెలియదు, నిజమే. ఉన్ని ఎంతకీ రాకపోయేసరికి క్రువా వెళ్లి చూసుకున్నాక తెలిసింది. అప్పుడైనా నా మీద కేసు పెట్టొచ్చు కదా? పెట్టలేదు. సాయం ఇచ్చిన ఆఫీసువాళ్లు ఎప్పుడైనా తనిఖీకి వస్తే చెల్లెలు జైలుకి పోతుందని తనే పలకలు కొట్టాడు. నేను అడగలేదు. అది అతను నాకు చేసిన మేలు. దాన్ని నువ్వు మధ్యలోకి వచ్చి పాడు చేస్తావా?

మీ ఇల్లు అటకా, కిటికీలూ, నేలా అన్నీ పోయిన ఇల్లు. ఎంత ఉన్ని పెట్టినా దండగ. క్రువాది గట్టి ఇల్లు. నాకు మొగుడు పెన్షను వదిలిపోలేదు, అద్దెల మీద బతికేదాన్ని. ఇంకేం చెయ్యమంటావు?

ఆ ఇంకో మనిషి మాట రాయకుండా ఉండాల్సింది. ఏదో కారణం చెప్పాలి, అది తోచింది. అంతకన్నా ఏం లేదు. అయినా పావురాల్ని చంపమని నేను రాశానా వదినా? నలభై అయిదేళ్లు కాపురం చేసిన మనిషిని ఒక్క ఉత్తరంతో అనుమానించింది నువ్వు. అది నా తప్పా?

ఆఫీసుకి ఫిర్యాదు చేశావా? చేస్తే ఆ సాయమంతా జరిమానాతో కక్కిస్తారు. క్రువా ఇల్లు అమ్ముకోవాలి. అమ్మితే జోహ్రా పిల్లలతో వీధిలో ఉంటుంది. నీకు శొర్బా పోసిన మనిషే. ఆలోచించు.

నువ్వు రాసిన కాగితం చింపేస్తాను, ఉండాలంటే ఉండు. చేశావో లేదో ఒక్క ముక్క రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ
ఒడీల్

*

రుబే
ఏప్రిల్ 28

ప్రియమైన మరదలికి,

మోకాళ్లు బాగానే ఉన్నాయి. అడగలేదనుకో, అయినా చెబుతున్నాను.

నీ ఉత్తరాలన్నీ అందాయి. ఆఖరివాటిలో చేతిరాత బాగా పాడైంది, కొన్ని మాటలు అర్థం కాలేదు. నువ్వు రైలెక్కి వచ్చిన రోజున ఇంట్లోనే ఉన్నాను. పరదా వెనక నిలబడి చూశాను. వానలో ఎంతసేపు బెల్లు కొట్టావు! ఎదురింటి ఆవిడ నీకు గొడుగు ఇవ్వబోతే వద్దన్నాను. కిటికీలోంచి చెయ్యి ఊపి చెప్పాను, నువ్వు చూడలేదు.

ముందు ఇంటి సంగతి. నేను వెళ్లడం లేదు. కల్లబొల్లి మాటలతో రాయించుకున్న కాగితాన్ని నువ్వు చింపినా చింపకపోయినా ఒకటేనని కౌంటరులో ఆవిడ చెప్పింది. కాదంటావా, కోర్టుకి రా. ఎందుకు రాశానో జడ్జి అడిగితే మొదటి నుంచీ చెబుతాను. గోడలకి ఉన్ని పెట్టించమని నీ మీద దావా వేశాను, ఆ నోటీసు నీకు వస్తుంది. అది దయ కాదు, బేరం కాదు. ఇంటిగలావిడ చేయాల్సిన పని. నువ్వు ఈ ఇల్లు ఇంకెవరికీ ఇవ్వలేవు, నా అద్దె పెంచలేవు, నన్ను పంపలేవు. నువ్వూ నేనూ ఈ జీ అక్షరానికి చెరో పక్కన కట్టేసి ఉన్నాం.

పావురాల్ని చంపమని రాశానా అని అడిగావు. రాయలేదు. ఆ చేతులు నావే. ఒక్క ఉత్తరానికే అనుమానించానన్నావు, అదీ నిజమే. నీ ఉత్తరాలు అన్నిట్లోకీ అబద్ధం లేని మాట అదొక్కటే. ఆయన సమాధి దగ్గరికి ఇప్పటిదాకా వెళ్లలేదు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెల్లెల్ని కాపాడటానికి నన్ను ఆ గోడ పక్కనే పడుకోబెట్టాడు కదా అని ఆయన మీద కోపం. బెర్త్ గుర్తొస్తే నా మీద కోపం. ఏ కోపంతో లోపలికి వెళ్లాలో తెలియదు. దానికి నువ్వు చేయగలిగింది లేదు.

జోహ్రా పిల్లల్ని అడ్డం పెట్టావు. తెలివైనదానివి, వేరే ఏది పెట్టినా నేను ఆగేదాన్ని కాదు. ఆవిడకి ఏమీ చెప్పలేదు. అప్పుడప్పుడూ వెళ్తుంటాను, చిన్నాడికి అల్లిక నేర్పుతున్నాను.

ఇక నీకు కావలసిన సంగతి. సాయం ఇచ్చిన ఆఫీసుకి రాశానా, లేదా? అది నీకు చెప్పను. రాసి ఉండొచ్చు, వాళ్లు తీరిగ్గా చూస్తుండొచ్చు. వచ్చే ఏడు రాయొచ్చు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి ఎగిరిపోయాక రాయొచ్చు. అసలు రాయకపోవచ్చు. నన్ను బతిమాలొద్దు, భయపెట్టొద్దు, ఏమీ పంపొద్దు. నీ దగ్గర నాకు కావలసింది ఏదీ లేదు. పోస్టుమాన్ మీ మెట్ల దగ్గర ఆగినప్పుడల్లా దిగి చూసుకో. ఇవాళ కాకపోతే రేపు. రేపు కాకపోతే ఎల్లుండి.

దగ్గుతున్నావు ఆ రోజు. తగ్గిందా? మాంతోన్‌లో మంచి డాక్టర్లుంటారు, చూపించుకో. వేళకి తిను. ఒంటిని జాగ్రత్తగా చూసుకో ఒడీల్. నువ్వు చాలా ఏళ్లు బతకాలి.

నీ వదిన
నోయెల్లా